తాత చూసేదాకా

హలో… ఆఁ, నేనే. ఆయన కోడల్నే మాట్లాడుతున్నా. మీరెవరు?

…ఎవరూ? …ఒక్క క్షణం, కుట్టుమిషను ఆపనివ్వండి, ఏం వినపడట్లేదు. …ఆఁ, ఇప్పుడు చెప్పండి.

…మామయ్యగారి స్నేహితులా.

…నా నంబరు ఆయనే ఇచ్చారా? ఎప్పుడు? …రెండు ఆదివారాలు వరసగా కనపడకపోతే ఈ నంబరుకి చెయ్యమన్నారా. …లేదు, నాకేం చెప్పలేదు. ఆయన ఏం చెప్పేవారని.

…ఎలా ఉన్నారంటే…

చూడండీ… మీకెవరూ చెప్పలేదా?

…అయ్యో.

…ఆయన లేరండీ. పోయి రెండు వారాలు కావస్తోంది. …గుండె. ఆస్పత్రిలోనే. …ఆఁ, నిద్రలోనే అన్నారు. వాళ్ళేదో అన్నారు లెండి.

…హలో?

…ఉన్నారా?

…అయ్యో, ఏడవకండి బాబూ. …ఏమండీ, మీరిలా ఏడిస్తే నేనేం చెయ్యను. ఇప్పటికే ఎంతమందిని ఊరుకోబెట్టానో, నన్ను ఊరుకోబెట్టే దిక్కు లేదు గానీ… సరే. సరే, కానివ్వండి. నేను లైన్లోనే ఉంటా. గుండీలు కుట్టుకుంటూ ఉంటా, మీరు కానివ్వండి.

…

…అయిందా? …కాసిని మంచినీళ్ళు తాగండి. …పర్లేదు, సారీ ఎందుకు. …ఇంతకీ ఆయన మీకెలా తెలుసు?

…బాక్సింగా.

బాబూ, ఆ మాట కాస్త నెమ్మదిగా అనండి. …మీ గొంతు బయటికి వినపడుతోంది, అందుకు. మా ఆయన లోపలి గదిలోనే ఉన్నారు. ఆ పేరెత్తితే ఈ ఇంట్లో… తర్వాత చెప్తా. తలుపు దగ్గరగా వేసి వస్తా, ఉండండి.

…ఆఁ. చెప్పండి. …ఫోన్లో గ్రూపా? …ఎంతమంది? …మూడొందల చిల్లరా! మామయ్యగారికి మూడొందల మంది స్నేహితులా! ఇంట్లో ఉప్పు కావాలంటే సైగ చేసే మనిషండీ ఆయన.

…మాట్లాడేవారా? మీతోనా? …టైపు చెయ్యడం రాక గొంతు రికార్డు చేసి పంపేవారా. …గంటలు గంటలా? ఎప్పుడు, మేమంతా ఇక్కడే ఏడుస్తుంటాం కదా. …పొద్దున్న పూట…

ఆగండాగండి. బట్టలు ఆరేస్తానని బాల్కనీలోకి వెళ్ళి… అది మీతోనా!

ఓరి దేవుడా.

…లేదు, నవ్వట్లేదు. …నవ్వుతున్నాను లెండి, ఏం చెయ్యను. ఆయన ఒక్కరే నిలబడి గొణుక్కుంటున్నారని, చేతులు గాల్లో తిప్పుతున్నారని, మతి పోయిందేమోనని డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాం మేము. …ఆఁ, నిజం! ఆ డాక్టరు ఇవాళ ఏ వారం, నిన్న ఏం తిన్నారు, వందలోంచి ఏడు తీస్తే ఎంత అని ప్రాణం తోడేశాడు. ఈయన అన్నిటికీ టకటకా చెప్పేసి, "అయిందా, ఇంక వెళ్దామా" అని లేచారు. మీ సంగతి ఒక్క ముక్క బయటపెడితే ఒట్టు.

…మీకు చెప్పారా అది? …గ్రూపంతా పడీ పడీ నవ్వారా. నవ్వరూ మరి. నడిపించి తీసుకెళ్ళింది నేను, బస్సులో నిలబడింది నేను.

…మీరేం చేస్తుంటారు బాబూ? …పళ్ళ డాక్టరా? …బాక్సింగు గ్రూపులో పళ్ళ డాక్టరు! గిరాకీకి లోటుండదు మీకు. …అందరూ అదే అంటారా. కొత్తగా అనే ఓపిక లేదు డాక్టరుగారూ, దాంతోనే సరిపెట్టుకోండి.

…ఏమని పిలిచారు నన్ను? …రెఫరీగారా? రెఫరీ ఎవరు?

…నేనా!

…"మా ఇంటి రెఫరీ." …అలా అనేవారా మీతో. తొమ్మిదవగానే ఫోను లాక్కుంటాననా? మరి లాక్కోకపోతే! ఏ దేశంలోనో కుస్తీ మొదలైతే ఇక్కడ తెల్లవార్లూ కళ్ళు కాయలు కాచేలా చూడటం, పొద్దున లేచి తల తిరుగుతోందనడం. …తెలుసు, తెలుసు, కుస్తీ కాదు. నేను కుస్తీ అన్నప్పుడల్లా ఆయనా ఇంతే, పంటి నెప్పి వచ్చినవాడిలా మొహం పెట్టేవారు. తిరిగి ఒక్క మాట అంటేగా.

…బాగా తిట్టుకునేవారా నన్ను? …చెప్పండి, పర్లేదు. పోయినాయన మీద ఇప్పుడు అలిగేదేముంది.

…ఏమిటీ?

…ఇంకోసారి చెప్పండి.

…"రెఫరీ లేకపోతే ఆడేవాడు బతకడర్రా" అన్నారా. …నా గురించా? …ఎవరో నన్ను వెక్కిరిస్తే, వాణ్ణి కోప్పడ్డారా కూడా?

నాతో ఎప్పుడూ అనలేదండీ. "సరే అమ్మాయ్", "ఆఁ అమ్మాయ్", "పడుకుంటా అమ్మాయ్." ఇన్నేళ్ళూ అంతే. …పోన్లెండి. అనకపోతే ఏం.

…అబ్బ, ఎవరో తలుపు కొడుతున్నారు. ఉండండి… ఇంకా అవలేదమ్మా! చేతులు ఎక్కించాలి, కాలర్లు వెయ్యాలి. …రేపు సాయంత్రం. …రేపు ఖాయం. …ఆఁ, మొన్న కూడా రేపే అన్నాను, నిజమే. …వెళ్ళిపోయింది. స్కూళ్ళు తెరుస్తున్నారు కదా, చొక్కాలు గుట్టలుగా పడి ఉన్నాయి. ఆస్పత్రి చుట్టూ తిరిగి, తర్వాత ఇంటికొచ్చేపోయే వాళ్ళతో సరిపోయి, ఎక్కడివక్కడే ఉండిపోయాయి. నడుం నాది కాదు, చేతులు నావి కావు. చెప్పండి మీరు.

…పాదాలా? …ఓ, అదా. ఎవరు కొట్టారు, ఎవరు పడ్డారు అని కాదు, పాదాలు చూడండనేవారా. మరి ఆయన ఉద్యోగం తెలుసుగా? …స్టేడియంలో లైట్లు చూసుకునే పని. పైకప్పు కింద ఇనప బల్ల ఒకటి ఉంటుందట, దాని మీద బోర్లా పడుకుని బల్బులు కనిపెట్టుకుని ఉండటం. కింద ఆట. పైనుంచి చూసేవాడికి నడినెత్తులూ పాదాలూ తప్ప ఇంకేం కనపడతాయి! ఉద్యోగమంతా అలాగే చూశారు. ఒక్క బాక్సరు మొహం సరిగ్గా ఎరగరు. మా ఆయన మొదటిసారి ఫోను కొనిచ్చి, పాత ఆట ఏదో పెట్టి చూపిస్తే, "వీడి ముక్కు ఇంత వంకరట్రా!" అని ఎంత ఆశ్చర్యపోయారో. చిన్నపిల్లాడే.

…ఆఁ, మా ఆయనే కొనిచ్చారు ఆ ఫోను. అదీ ఒక బాధే ఇప్పుడు.

…ఆ పాదాల మాట మీక్కూడా చెప్పారా? …క్లినిక్కు మూసేద్దామనుకున్నప్పుడా. …ఇంట్లోంచి బయటికే రాకుండా… ఎన్నాళ్ళు? …అయ్యో. …ఏమన్నారు అప్పుడు? …"దెబ్బ తగిలినచోటే నిలబడిపోకురా, పాదాలు కదుపు. ఇవాళ తలుపు తీసి బయట నిలబడు చాలు." …రోజూ పొద్దున్నే అడిగేవారా, తలుపు తీశావా అని? …ఎన్ని నెలలూ?

ఇక్కడ మా బాల్కనీలో నిలబడి. తడిబట్టలు భుజాన వేసుకుని.

…నాకేం తెలుసు డాక్టరుగారూ. బట్టలు ఆరేయడానికి ఇంతసేపా అని వంటింట్లోంచి నేను అరుస్తుండేదాన్ని. అది కూడా రికార్డయ్యేదా? …అందరికీ వినపడేదా! …నా గొంతు వినపడగానే "రెఫరీ వచ్చింది, గంట కొట్టేసింది, ఉంటానర్రా" అని పెట్టేసేవారా. సిగ్గు పోయింది ఫో.

…ఆదివారాలు ఏంటి? మీరు ఇందాకణ్ణుంచి ఆదివారం, ఆదివారం అంటున్నారు. …రూలా? ఏం రూలు?

…"తాత చూసేదాకా ఎవరూ చెప్పొద్దు."

…అర్థం కాలేదు. …తాతంటే మామయ్యగారా. …ఊఁ. …శనివారం రాత్రి ఆట జరుగుతుంది. ఆయన ఫోను నా దగ్గర ఉంటుంది. …పొద్దున నేను ఇచ్చాక, ఆదివారం, తీరిగ్గా ఆయన చూసేదాకా… గెలిచిందెవరో ఎవ్వరూ నోరెత్తకూడదా? …మూడొందల మందీ? …ఆయన చూసి "అయిందర్రా" అనేదాకా?

మరి ఎవరైనా ఆగలేక చెప్పేస్తే? …గ్రూపులోంచి నెల్లాళ్ళు వెలివేతా! అబ్బో, బాగానే ఉంది మీ చట్టం. …ముందే తెలిస్తే ఇంక చూడటం ఎందుకనేవారా. అవును, ఆ పిచ్చి ఉంది ఆయనకి. టీవీలో వార్తలొస్తుంటే చెవులు మూసుకుని లేచిపోయేవారు, ఆయనకి రాజకీయాలు నచ్చవేమో అనుకునేవాళ్ళం మేము.

ఒక ముసలాయన తాపీగా స్నానం చేసి, కాఫీ తాగి, బట్టలారేసి, చూసుకునేదాకా… అంతమంది నోళ్ళు కుట్టేసుకుని కూచునేవారా. ఎందుకు బాబూ? ఏమిచ్చారు ఆయన మీకు?

…సరేలెండి. ఇందాక చెప్పారుగా.

…ఇంకానా? …గెలిచిందెవరో గ్రూపులో ఇంకా చెప్పుకోలేదా!

…ఆయన ఆస్పత్రిలో ఉన్నప్పటి ఆ పెద్ద ఆట అయి రెండు వారాలైంది కదండీ. ఊరూ వాడా తెలిసిపోయి ఉంటుంది. …తెలుసు. మీ అందరికీ తెలుసు. …ఆయన "అయిందర్రా" అనలేదని… ఇవాళ్టి దాకా ఒక్కరూ…

ఉండండి. కళ్ళజోడు తీయనివ్వండి.

…

…ఉన్నాను. ఏం లేదు. సూది గుచ్చుకుంది.

డాక్టరుగారూ, ఒక సంగతి అడుగుతా. ఆ ఆటేగా? శనివారం రాత్రి… ఆయన ఆస్పత్రిలో ఉన్నప్పటిది? …ఆఁ. ఆ ఆటే. మా ఇంట్లో అందరూ ఏమంటున్నారో తెలుసా? ఆ ఆటే ఆయన్ని చంపిందని. ఆట కాదు, నేను. నేను చంపానని.

…వాళ్ళేం నోరు జారి అనలేదు. మొహం మీదే అన్నారు. చెప్తా వినండి, ఎవరికీ చెప్పలేదు ఇది, చెప్పుకోడానికి ఎవరున్నారని. గుండె డాక్టరు గట్టిగా చెప్పాడు, ప్రశాంతంగా ఉంచండి, గాభరాపడే పనేదీ వద్దు, టీవీ వద్దు, ఫోను వద్దు అని. ఆయన ఫోను నా సంచీలోనే ఉంది. శనివారం అడగలేదు. ఆదివారం పొద్దున అడగలేదు. సాయంత్రం నేను ఇంటికి బయల్దేరుతుంటే, చెయ్యి ఇలా చాపి… "అమ్మాయ్, ఒక్కసారి" అన్నారు. ఆయన నన్ను ఏదీ అడిగిన మనిషి కాదు. ఇచ్చేశాను.

…ఆఁ. ఇచ్చేసి వచ్చేశాను.

తెల్లారేసరికి ఆయన పోయారు. గుండెల మీద ఫోను. ఫోన్లో ఆ ఆట. నర్సు చూసింది, మా వదినతో చెప్పింది. మా వదినంటే మామయ్యగారి కూతురు. "ఫోను ఎవరిచ్చారు?" అంది. నేనే అన్నాను. అబద్ధమాడితే పోయేది, నాకు చేతకాలేదు. "నాన్న చేతిలో నిప్పు పెట్టి ఇంటికొచ్చి పడుకున్నావు" అంది, అంతమందిలో. …ఇచ్చింది నేనేగా.

మా వదిన అరిచి ఊరుకుంది, అది నయం. మా ఆయన అరవలేదు. ఆ రోజు నుంచీ నాతో మాట్లాడరు. కంచం పెడితే తింటారు. నేను గదిలోకి వెళ్తే ఆయన బయటికొస్తారు. ఆ ఫోను మోగుతూనే ఉండేది… మీవేగా అవన్నీ? దాని చార్జింగు అయిపోయేదాకా అలాగే చూస్తూ కూచుని, తర్వాత బీరువాలో పడేసి తాళం వేశారు. నాకు ఏడవడానికి కూడా హక్కు లేనట్టుంది డాక్టరుగారూ ఈ ఇంట్లో. నేను ఏడిస్తే, చేసిందంతా చేసి ఏడుస్తోంది అన్నట్టు చూస్తారు.

విసుగొచ్చేసింది. నా మీద నాకే.

…ఏమన్నారు?

…ఎప్పుడు? ఆదివారం సాయంత్రమా? …మీకొక్కరికేనా? …గ్రూపులో కాదు, విడిగా మీకు. …నేను ఫోనిచ్చి వచ్చేశాకన్నమాట.

…ఏమని?

…ఫలితం అడిగారా? …ఆయనా? ముందే చెప్పెయ్యమన్నారా?

…మీరు నమ్మలేదా. …మీరు నోరు జారతారో లేదోనని ఆయనే పరీక్ష పెడుతున్నారనుకున్నారా! …ఆఁ. …తర్వాత చెప్పారా మీరు? ఎవరు గెలిచిందీ, ఎన్నో రౌండులో అయిపోయిందీ, అంతా? …అయితే ఈ రెండు వారాలూ గ్రూపులో ఎందుకు చెప్పలేదు మరి, ఆయనకి తెలిసిపోయిందని? …తాతే రూలు తప్పారని తెలిస్తే ఆయన పరువు పోతుందనా. …మీరు కడుపులో దాచుకున్నారు.

…ఎందుకు అడిగారట? చెప్పలేదా?

…చెప్పారా.

…ఆయన గొంతే ఉందా మీ దగ్గర? …వద్దు. …వద్దండీ, నావల్ల కాదు. ఇప్పుడిప్పుడే కాస్త… వద్దు.

…

…సరే. పెట్టండి.

…

…

…

…మళ్ళీ పెట్టండి.

…

…అవును. అవునండీ, ఫోను అందుకుంటూ నాతో అన్నారు. "దడ పుట్టకుండా చూస్తాలే అమ్మాయ్, మాటిస్తున్నా" అన్నారు. నేను చెప్పులేసుకుంటూ, "అదెలా చూస్తారో మరి" అని విసుక్కుంటూ బయటపడ్డా. బస్సు పోతుందని తొందర.

…ఆయన దానికి దారి వెతుక్కున్నారు. "మా రెఫరీ నన్ను నమ్మి ఇచ్చిందిరా. గాభరా పడనని మాటిచ్చాను. కాబట్టి గెలిచిందెవడో చెప్పేసెయ్. నేను ఊరికే పాదాలు చూసుకుని పడుకుంటా."

…

…ఆఁ, ఏడుస్తున్నా. ఇప్పుడు మీ వంతు. లైన్లో ఉండండి.

…

…

…ముందే తెలిస్తే చూడటం ఎందుకనే మనిషండీ! అంతమంది నోళ్ళు మూయించిన మనిషి. నాకిచ్చిన మాట కోసం… నేనసలు పట్టించుకోనైనా పట్టించుకోని మాట కోసం…

…అంటే, ఆట వల్ల కాదంటారా? …మీరు పళ్ళ డాక్టరు కదా, గుండె సంగతి మీకేం తెలుసు. …అవును, తెలీదు. ఎవరికీ తెలీదు. గుండె ఎప్పుడాగాలనుకుందో అప్పుడాగింది. కానీ ఆయన నా కళ్ళుగప్పి చూడలేదు. గాభరాపడుతూ పోలేదు. ఏం జరుగుతుందో తెలిసి, మెల్లగా చూసుకుంటూ పోయారు. …ఆఁ. అది చాలు నాకు. అంతకంటే ఎవరూ ఇవ్వలేరు కూడా.

…గ్రూపుకా? …ఏం చెప్పమంటారు, మీరే చెప్పండి పోయారని. …అది సరే. …ఆ రూలు ఎవరు తీసెయ్యాలి అంటే? నన్నడుగుతారేం? …రెఫరీ చెప్తేనే వింటారా. బాగానే పట్టుకున్నారు నన్ను.

…చెప్పండి అయితే. తాత చూసేశారని చెప్పండి. మొదటి గంట నుంచి చివరి గంట దాకా పాదాలు చూసుకున్నారని చెప్పండి. అందరూ నోళ్ళు విప్పి, ఇష్టమొచ్చినట్టు కొట్టుకు చావమని చెప్పండి. …ఆఁ. రెఫరీ చెప్పిందనే చెప్పండి.

…లేదు, నాకు వద్దు. ఎవరు గెలిచారో నాకెందుకు. …ఎప్పుడైనా అడుగుతాలెండి. ఇవాళ కాదు.

…ఉండండి. లోపల కుర్చీ జరిగింది. మా ఆయన లేచినట్టున్నారు, మంచినీళ్ళకి వస్తారు.

డాక్టరుగారూ, పెట్టెయ్యకండి. …ఒక్క పని చెయ్యాలి మీరు. ఆ గొంతు ఇంకోసారి పెట్టాలి. …నాకు కాదు. నేను చెప్తే ఆయన వినరు, విన్నా నన్ను నేను వెనకేసుకొస్తున్నాననుకుంటారు. అరువు మాటలు వద్దు. వాళ్ళ నాన్న నోటితోనే వినాలి. …మీరేం మాట్లాడకండి, ఎవరో చెప్పకండి. ముందు అది పెట్టండి.

…ఏవండీ.

…మీతోనే. …ఎవరో కాదు. నాన్నగారి స్నేహితుడు.

…నాతో మాట్లాడొద్దు. మీరేం మాట్లాడొద్దు. చెవి దగ్గర పెట్టుకోండి, చాలు.

…పట్టుకోండి.

…డాక్టరుగారూ, ఇచ్చేశాను. పెట్టండి.